ఆకుకు ఆనిన గరిటె

ఆ పొద్దు సౌమ్య చెయ్యవలసిన పనులు ఇవి.

జగిత్యాలలో తీయించిన స్కానింగ్ కాగితాలు సంచిలో పెట్టుకోవాలి.

పాత చీరలు చింపి గుడ్డలుగా మడిచి పెట్టుకోవాలి. దుప్పటి మరిచిపోకూడదు.

మేకను పక్కింటివాళ్ళకు అప్పజెప్పాలి.

సిరిసిల్లలో ఉన్న అన్న సురేశ్‌కు ఫోన్ చెయ్యాలి. నెత్తురు ఇచ్చేవాడు కడుపు నిండా తిని రావాలని గుర్తు చెయ్యాలి.

హబీబుద్దీన్ చాచా ఆటో అద్దం మీద సుద్దముక్కతో పెద్దగా ‘జై తెలంగాణ’ అని, దాని కింద ‘పేషెంట్’ అని రాయాలి.

మధ్యాహ్నంలోగా సిరిసిల్ల చేరాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది దవాఖాన సిస్టర్ ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పింది. అమ్మ కడుపులోకి ఏమీ పోకూడదు. అన్నం కాదు, చాయ్ కాదు, మంచినీళ్ళ చుక్క కూడా కాదు.

సౌమ్య అన్నీ చేసింది. ఆఖరుదొక్కటే ఆమె చేతిలో నిలవలేదు.

సౌమ్య తల్లి సత్తవ్వ కోరుట్లలో బీడీలు చుట్టేది. కడుపులో గడ్డ లేచి ఏడాది దాటింది. ఆడవాళ్ళకు ఇట్లాంటివి మామూలే అని చాలాకాలం నోరు విప్పలేదు. నెత్తురు పోయి పోయి, ఒకరోజు బీడీల చాట ఒళ్ళో ఉండగానే కూర్చున్నదల్లా పక్కకు ఒరిగిపోయింది. సౌమ్య ఆమెను జగిత్యాలకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ స్కానింగ్ చూసి గర్భసంచి తీసెయ్యాల్సిందేనని చెప్పింది. సిరిసిల్లలో ఒక చిన్న దవాఖాన ఉంది, అక్కడ ఈ ఆపరేషన్లు చేస్తారని దారి చూపింది కూడా ఆమెనే. అయితే మత్తు ఇచ్చే డాక్టరు అక్కడికి కరీంనగర్ నుంచి వారంలో ఒక్క రోజే వస్తాడు, సాయంత్రానికి వెళ్ళిపోతాడు. సత్తవ్వకు దొరికిన రోజు ఇది. తప్పితే మళ్ళీ వారం ఆగాలి. వారం ఆగే నెత్తురు ఈ మనిషి ఒంట్లో లేదని డాక్టరమ్మ సౌమ్యను పక్కకు పిలిచి చెప్పింది.

అది సకల జనుల సమ్మె కాలం. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులు మూత, ఆఫీసులు మూత. సౌమ్యకు కూడా తెలంగాణ కావాలి. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. జగిత్యాల కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ప్రతి ఊరేగింపులో నడిచింది, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. కానీ ఆ పొద్దు మాత్రం, రోడ్డు మీద ఒక్క ముళ్ళకంప కూడా అడ్డం ఉండకూడదని ఏసుప్రభువుకు మొక్కుకుంది.

కార్లవాళ్ళు అద్దాలు పగులుతాయని రాలేమన్నారు. వస్తానన్నవాడు హబీబుద్దీన్ ఒక్కడే. ఆయన భార్య రషీదాబీ, సత్తవ్వ ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళు.

“ఎక్కు అక్కా. గుంతలచ్చినప్పుడు నన్ను తిట్టకు, సర్కారును తిట్టు,” అన్నాడు హబీబుద్దీన్.

“నిన్నే తిడత. సర్కారుకు ఇనవడదు,” అంది సత్తవ్వ, కూతురు భుజం పట్టుకుని ఆటోలోకి ఒరుగుతూ.

అంతలో రషీదాబీ అలవాటు కొద్దీ చాయ్ గ్లాసుతో బయటికి వచ్చింది. సౌమ్య ఆటోలోంచి దాదాపు దూకింది. “ఖాలా, వద్దు! నీళ్ళు గూడ తాగద్దన్నరు!”

రషీదాబీ నాలుక కరుచుకుంది. ఆ గ్లాసు ఎవరికివ్వాలో తెలియక తానే తాగేసి, కళ్ళు తుడుచుకుంది. సత్తవ్వ కళ్ళు గ్లాసు వెంటనే పోయాయి.

కోరుట్ల పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా కంపలు వేసి ఉన్నాయి. నుదుటికి గులాబీ గుడ్డలు కట్టుకున్న పిల్లగాండ్లు ఆటోను చుట్టుముట్టారు. “ఏడికి? సమ్మె అని ఎరుకలేదా?” అని ఒకడు గద్దించాడు. ఇంకొకడు లోపలికి తొంగిచూశాడు. సత్తవ్వ ముఖం చూసి తానే పోయి కంప లాగాడు.

“జై తెలంగాణ అను పెద్దమ్మా, పోనిస్తం,” అన్నాడు మొదటివాడు, బింకం వదలకుండా.

“లోపట అంటున్న బిడ్డా. బయటికి ఎల్తలేదు,” అంది సత్తవ్వ.

పిల్లగాండ్లు నవ్వారు. ఆటో కదిలింది.

అక్కడి నుంచి కథలాపూర్ దాకా రోడ్డు ఖాళీగా ఉంది. ఇరుపక్కలా పసుపు చేలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. ఊళ్ళు వచ్చినచోట సగం రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. సౌమ్య ఏవీ చూడలేదు. ఆమె చూపంతా తల్లి కూర్చున్న గుడ్డ మీదనే ఉంది. ఎర్రటి మరక అంచు దాటి సీటు మీదికి వస్తున్నదా లేదా అన్నదొక్కటే చూస్తూ కూర్చుంది. గుంత వచ్చినప్పుడల్లా సత్తవ్వ కింది పెదవిని పళ్ళతో పట్టుకునేది, వదిలేది.

“మా ఊరి మీదికెంచేనా పోవుడు?” అని అడిగింది కథలాపూర్ దాటాక.

“ఇంకో తొవ్వ లేదమ్మా.”

సత్తవ్వ కొంగు సర్దుకుంది. అది ఆమె తల్లిగారి ఊరు. ఊరి పేరు ఎందుకులెండి, అప్పట్లో చుట్టుపక్కల ఏ ఊరైనా అంతే. తల్లి నాగవ్వ పోయాక సత్తవ్వ మళ్ళీ ఆ ఊళ్ళో అడుగు పెట్టలేదు. నాగవ్వ బతికినన్నాళ్ళూ పటేలింటి పొలాల్లో నాట్లు వేసింది, కలుపు తీసింది, కోతలు కోసింది. నాట్లు ముగిసిన రోజు పటేలింట్లో కూలివాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళు. అందరికీ వాకిట్లో బంతి. మాదిగవాడ వాళ్ళకు మాత్రం గోడ అవతల, పెంటకుప్ప పక్కన. గరిటె వీళ్ళ ఆకుకు తగలకూడదు. తగిలితే ఆ గరిటె మళ్ళీ గంజులో ముంచడానికి పనికిరాదు. అందుకని పప్పును ఇంతెత్తు నుంచి వదిలేవాళ్ళు. అది ఆకు మీద పడి చిట్లి, మోచేతుల మీద, చీర మీద చిమ్మేది. ఆ మరకలు ఉతుక్కుంటూ నాగవ్వ, “మనకు పప్పు గూడ వాన తీర్గనే, మీదికెంచి పడ్తది,” అని నవ్వేదట. సత్తవ్వ ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా తనూ నవ్వేది. సౌమ్య ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఊరు కనబడేసరికి హబీబుద్దీన్ బ్రేకు వేశాడు.

“యా అల్లా,” అన్నాడు.

రోడ్డు లేదు. రోడ్డు ఉండాల్సిన చోట ఊరు ఉంది. రెండు ట్రాక్టర్లు అడ్డంగా నిలబెట్టి, వాటి వెనక తారు రోడ్డు మీదనే రాళ్ళు పెట్టి పొయ్యిలు రాజేశారు. గంజుల్లో అన్నం ఉడుకుతోంది. మైకులో ఎవరో పాడుతున్నారు. పొయ్యిల అవతల మనుషులు రోడ్డు పొడుగునా బంతులు తీరి కూర్చున్నారు. వంటావార్పు. ఆ రోజుల్లో ఊరూరా అదే. రోడ్డు మీదే వండుకోవడం, అక్కడే తినడం, తిని లేచేదాకా బండి కదలకుండా చూడటం.

సౌమ్య దిగి పరుగెత్తింది. మైకు దగ్గర ఉన్న నెరిసిన గడ్డం మనిషి పోశం సారు అని, సమ్మెలో ఉన్న పంతులని, అంతా ఆయన మాటే వింటారని ఎవరో చెప్పారు.

“సార్, పేషెంటున్నది. మా అమ్మ. సిర్సిల్లల ఆపరేషన్. మధ్యాహ్నంలోగ పోవాలె సార్.”

“అరె, పేషెంటును ఆపుతమా బిడ్డా? ఎంత మాట!” పోశం సారు మైకు లాక్కున్నాడు. “కొమురయ్యా! ఏడున్నవ్ర? ట్రాక్టర్ పక్కకు తియ్యి!”

కొమురయ్య లేడు. తాళంచెవి జేబులో వేసుకుని బావి దగ్గరికి నీళ్ళు తేవడానికి పోయాడట. ఇటు పోయాడని ఒకరు, అటు పోయాడని ఒకరు. సౌమ్య చెప్పులు చేతిలో పట్టుకుని పొలం గట్ల మీద పరుగెత్తింది. ఒక బావి దగ్గర లేడు. ఇంకో బావి దగ్గర డ్రమ్ము నిండడానికి చూస్తూ, చుట్ట కాలుస్తూ నింపాదిగా కూర్చుని ఉన్నాడు.

“అన్నా, తాళంచెయ్యి! మా అమ్మ సచ్చిపోతది!”

ఆ మాట తన నోట్లోంచి అట్లా వస్తుందని ఆమె అనుకోలేదు. కొమురయ్య చుట్ట పారేసి ఆమెకంటే ముందు ఉరికాడు.

ట్రాక్టరు గర్జించి పక్కకు జరిగింది. రొప్పుతూ వచ్చిన సౌమ్య ఆటోలోకి చూసింది. సీటు మీద మడత చెదిరిన గుడ్డ ఉంది. తల్లి లేదు. హబీబుద్దీన్ చక్రాల ముందున్న రాళ్ళు తీసి పారేస్తున్నాడు.

“చాచా, అమ్మేది?”

“గిక్కడనే ఉండె గదా బేటీ! కూసుంటె నొస్తున్నది, జర నీడకు నిలవడుతనన్నది…”

సౌమ్య చుట్టూ చూసింది. చూపు ఒక్కచోట ఆగిపోయింది.

సత్తవ్వ బంతిలో కూర్చుని ఉంది. ముందు మోదుగాకు విస్తరి, దాని మీద తెల్లటి అన్నం, పప్పు, వంకాయ కూర. ఆకు మూలకు ఒక చిటికెడు అన్నం విడిగా పెట్టి ఉంది. ఆమె చెయ్యి నోటి దగ్గర ఉంది. నోటి నిండా అన్నం ఉంది.

“అమ్మా!”

బంతి బంతంతా తిరిగి చూసింది. సత్తవ్వ కూడా చూసింది. కూతురు అనుకున్నట్టు ఉలిక్కిపడలేదు, ఉమ్మెయ్యలేదు. నిదానంగా నమిలి మింగింది. కూతురు కళ్ళలోకి చూస్తూనే మరో ముద్ద కలిపింది.

ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డ ముసలామె నవ్వుతూ తిరిగింది. నెరిసిన జుట్టు, చేతికి బంగారు గాజులు, చెంగు నడుముకు దోపుకుని ఉంది. పటేలమ్మ ఈమేనని సౌమ్యకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

“నీ బిడ్డానె సత్తవ్వా? రా బిడ్డా, నువ్వు గూడ కూసో. ఏం సదివినవ్?”

“డిగ్రీ,” అంది సౌమ్య. “మా అమ్మకు ఇయ్యాల ఆపరేషన్. ఏం తినద్దన్నరు. నీళ్ళు గూడ తాగద్దన్నరు.”

పటేలమ్మ చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది. “అయ్యో, అయ్యో! ముందుగాల చెప్పద్దానె సత్తవ్వా?”

“చెప్తె పెట్టకపోదువు,” అంది సత్తవ్వ.

ఆమె ఆకు మడిచింది. నీళ్ళు తాగలేదు, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. లేవబోయి తూలింది. సౌమ్య పట్టుకుంది. పక్కన కూర్చున్న ఎవరో పెద్దమనిషి ఎంగిలి చేతితోనే లేచి ఇంకో రెక్క పట్టుకున్నాడు. ఆటో దాకా నడిపించాడు.

ఆటో ఊరు దాటింది. సౌమ్య బద్దలైంది.

“నీకేమన్న సమజైతున్నదా అమ్మా? మత్తిచ్చినప్పుడు కడుపుల ఉన్నది పైకొస్తది. ఊపిరితిత్తులల్ల వడ్తది. మనిషి ఆడికాడికే పోతది. గిదంత చెప్పిన గదా! రాత్రి చెప్పిన, పొద్దుగాల చెప్పిన! గంత ఆకలైందా?”

“ఆకలి గాదు బిడ్డా.”

“మరి?”

సత్తవ్వ కళ్ళు మూసుకుంది. నొప్పి ఒకటి వచ్చిపోయేదాకా ఆగింది.

“చెట్టు కింద నిలవడ్డ. ‘ఎవలు గది, నాగవ్వ బిడ్డవు గాదె?’ అన్నది పటేలమ్మ. మా అవ్వ బతికున్నన్ని రోజులు ‘నాగీ, ఇటు రాయె’ అన్నదే గని, ‘నాగవ్వ’ అని ఎన్నడన్న అన్నదా? చెయ్యి వట్టి గుంజి కూసోబెట్టింది. నేను అద్దనే చెప్పబోయిన. గంతల పప్పు పెట్టింది.” ఆమె కళ్ళు తెరిచింది. “గరిటె ఆకుకు ఆనింది బిడ్డా. ‘టప్’ మన్నది. గదే గరిటె మల్ల గంజుల ముంచింది. నా పక్కపొంటి కూసున్నాయనకు గదే గరిటెతోని పెట్టింది. ఆయనెవలో ఎరుకేనా? ఆమె మరిది.”

సౌమ్యకు మళ్ళీ కోపమే ముందుకొచ్చింది.

“ముసల్దైంది. చెయ్యి లేవక ఆనిందేమో!”

“ఎందుకు ఆనితేంది? ఆనింది.”

హబీబుద్దీన్ ముందు నుంచి సణిగాడు. “జరిగిందేదో జరిగింది. ఆడ అడిగితె తినలేదని చెప్పుండ్రి. గింతంత అన్నానికి ఏమైతది? ఈ రోజు పోతె మల్ల రోజెక్కడిది?”

“గట్లనే చెప్త,” అంది సత్తవ్వ.

వేములవాడ వచ్చింది. గుడి గోపురం కనబడగానే, ఆదివారం తప్పకుండా చర్చికి పోయే సత్తవ్వ చేతులు జోడించింది. గుడి లోపలున్న దర్గాకు హబీబుద్దీన్ హ్యాండిల్ వదలకుండానే తల వంచాడు. సౌమ్య మాత్రం గుడ్డ మీది మరకను చూస్తోంది. అది అంచు దాటి సీటు రెగ్జిను మీదికి వచ్చింది. ఇవాళ కాకపోతే వారం. వారం ఆగే నెత్తురు లేదు. చెప్తే ఆపరేషన్ ఆగుతుంది. చెప్పకపోతే బల్ల మీదే పోవచ్చు. పోకపోనూ వచ్చు. తిన్నది నాలుగు ముద్దలే కదా. నాలుగో, ఆరో. ఎన్నని చూడలేదు. ఆ ‘పోకపోనూ వచ్చు’ దగ్గర ఆమె ఆలోచన పదే పదే వచ్చి ఆగుతోంది. అట్లా ఆగుతున్నందుకు ఆమెకు తన మీద తనకే భయం వేసింది.

సిరిసిల్లలో కరెంటు లేదు. ఎప్పుడు పోయినా సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడుతో దద్దరిల్లే వీధులు మూగగా ఉన్నాయి. దవాఖాన మెట్ల మీద సురేశ్ నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు ముందే పైకి మడుచుకుని ఉన్నాడు. తల్లిని ఎత్తుకుని లోపలికి తెచ్చి స్ట్రెచర్ మీద పడుకోబెట్టాడు.

సిస్టర్ వచ్చి నాడి పట్టుకుంది. కాగితాలు తిప్పింది. చెయ్యి కదిలిస్తూనే అడిగింది. “షుగర్ ఉన్నదా? బీపీ గోలీలు ఏమన్నా? పొద్దటి నుంచి ఏమన్నా తిన్నరా?”

సౌమ్య నోరు తెరిచింది. ‘తిన్నది’ అనడానికి తెరిచిందో, ‘లేదు’ అనడానికి తెరిచిందో ఆమెకే తెలియదు. హబీబుద్దీన్ గోడ వైపు తిరిగాడు. సురేశ్ ఏమీ తెలియక, “లే సిస్టర్, ఏం తినలే,” అన్నాడు.

“తిన్న,” అంది సత్తవ్వ.

పడుకున్నదల్లా మోచేతి మీద కొద్దిగా లేచింది. తప్పు ఒప్పుకునేవాళ్ళ గొంతు కాదది, పెళ్ళికి పోయివచ్చి ముచ్చట చెప్పేవాళ్ళ గొంతు.

“తిన్న బిడ్డా. మా తల్లిగారూర్ల తిన్న. బంతిల కూసోబెట్టిండ్రు. అన్నం, పప్పు, వంకాయ కూర. తినలేదని చెప్దామనే అచ్చిన. నోరు అస్తలేదు. తినలేదంటె… గది జరగలేదన్నట్టే అయితది గదా.”

సిస్టర్ పెన్ను ఆపి సౌమ్యను చూసింది. “సదువుకున్న పిల్లవు. చూసుకోవద్దా?”

మత్తు డాక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, చిరాకు మొహం. విన్నాడు. “ఇప్పుడు నేను మత్తు ఇయ్య. ఇస్తె నేనే చంపినట్టు. ఆరేడు గంటలు ఆగాలె. నేను సాయంత్రం పోయేటోణ్ణి.” కాస్త ఆగి, సౌమ్యతో మెల్లగా అన్నాడు, “చెప్పి మంచి పని చేసిండ్రు. కానీ నేనేం చెయ్య?”

సురేశ్ నెత్తురు ఇచ్చాడు. అది తల్లి ఒంట్లోకి బొట్టుబొట్టుగా ఎక్కుతుంటే సౌమ్య ఆ బొట్ల వైపే చూస్తూ కూర్చుంది. పొద్దు వాలింది. డాక్టరు మిగతా ఆపరేషన్లు ముగించుకుని, చేతులు కడుక్కుని, బ్యాగు పట్టుకుని బయటికి వచ్చాడు. సౌమ్య వెంటపడింది. మెట్ల దాకా, కారు దాకా పోయింది. ఏమని బతిమాలిందో ఆమెకు గుర్తులేదు. డాక్టరు కిటికీ అద్దం దించి, “రేపు కరీంనగర్ల కేసులున్నయి తల్లీ,” అన్నాడు. కారు మలుపు తిరిగిపోయింది.

సౌమ్య మెట్ల మీద కూలబడింది. హబీబుద్దీన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఒకామె వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. గొంగడి కప్పుకున్న ముసలాయన సైకిలు తోసుకుంటూ పోతున్నాడు. లోకం ఇంత మామూలుగా ఎట్లా ఉండగలుగుతుందా అని ఆమెకు మండిపోయింది.

“తప్పు నాదే చాచా. నేను బావి కాడికి పోకుంట ఆమె పక్కన ఉంటె…”

“నువ్వు పోకపోతె ట్రాక్టర్ కదలకపోవు బేటీ.”

చీకటి పడకముందే, పోయిన కారు తిరిగి వచ్చింది.

డాక్టరు దిగి తలుపు ధడాలున వేశాడు. తెల్లచొక్కా మీద, సరిగ్గా గుండె దగ్గర, అరచేతి మందాన పసుపుపచ్చటి మరక ఉంది.

“కరీంనగర్ రోడ్డంత పొయ్యిలే!” అన్నాడు ఎవరితోనూ కాకుండా. “డాక్టర్ని అంటె, అయితె ముందుగాల తిను సారూ అని కూసోబెట్టిండ్రు. తిన్నంకనైనా ఇడుస్తరా అంటె, తొవ్వ పొద్దుగాలనే తీస్తరట. పప్పు పెట్టినాయన చొక్కా మీద గూడ పెట్టిండు.” మరకను గోరుతో గీకి చూసుకున్నాడు. అప్పుడు సౌమ్య కనబడింది. “పొద్దుగాల మొదటి కేసు మీదే. ఈసారి ఆమెకు ఎవలన్న ఒక్క మెతుకు పెట్టిండ్రంటె పోలీసులను పిలుస్త. సమజైందా?”

సౌమ్యకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. తల ఊపింది. లోపలికి ఉరికి తల్లికి ఈ మాట చెప్తే సత్తవ్వ అడిగిన మొదటి ప్రశ్న, “గా డాక్టర్ సారుకు బంతిలనే పెట్టిండ్రట్నా?” అని.

తెల్లవారుజామున స్ట్రెచర్ తోసుకుపోవడానికి ఇద్దరు వచ్చారు. సత్తవ్వ ముఖంలో కొడుకు నెత్తురు పుణ్యాన కాస్త రంగు వచ్చింది. పెదవులు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. ఈసారి ఎవరూ ఏమీ పెట్టలేదు. సౌమ్య రాత్రంతా తలుపు దగ్గరే కాపలా కూర్చుంది.

“బిడ్డా,” అంది సత్తవ్వ. “ఆకు మూలకు జరంత అన్నం పక్కకు వెట్టిన. సూసినవా?”

“సూసిన.”

“గది మా అవ్వకు. నేను నా కోసం తినలే. గరిటె ఆనంగనే మా అవ్వ యాదికొచ్చింది. ఆమె ఆకుకు ఎన్నడు ఆనలే గదా. లేసి పోతె ఆమెను గోడవతలనే ఇడిసినట్టు అనిపిచ్చింది. గందుకే కూసున్న.” ఆమె కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది. “నాకేమన్న అయితె, తిన్నందుకే అయిందని ఎవలకు చెప్పకు. తిన్నది మంచిగనే ఉండె.”

“ఏం గాదమ్మా.”

“నాకెరుకే. పప్పుల ఉప్పు జర తక్కువైంది గని.”

తలుపులు మూసుకున్నాయి. పైన ఎర్ర లైటు వెలగలేదు. కరెంటు లేదు, వెనక జనరేటరు మోగుతోంది. సౌమ్య, సురేశ్, హబీబుద్దీన్ బల్ల మీద వరుసగా కూర్చున్నారు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలచుకున్నారో, ఒకరి దేవుణ్ణి ఒకరు తలచుకున్నారో తెలియదు. ఎంతసేపు గడిచిందో కూడా తెలియదు. ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. ఎక్కడో వీధి చివర ఒక సాంచ టకటకమని లేచింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే ఊరంతా లేచింది. ఆ చప్పుళ్ళ మధ్య సౌమ్య చెవికి ఒక్కటే చప్పుడు వినిపిస్తోంది. ఆకు మీద గరిటె ఆనిన చప్పుడు. తాను విననే లేదు, అయినా వినిపించింది. పిడికిట్లో రాత్రి కొన్న సమోసా పొట్లం నలిగిపోతున్నా తెలియకుండా కూర్చున్న హబీబుద్దీన్‌ను చూసింది. మోచేతి లోపల దూది పట్టుకుని కునుకుతున్న అన్నను చూసింది. నిన్న మెట్ల మీద కూర్చుని తాను కోపగించుకున్న ఆ మామూలు లోకమే ఇప్పుడు తన పక్కన బంతిలో కూర్చున్నట్టు ఉంది.

తలుపు తెరుచుకుంది. సిస్టర్ మాస్కు కిందికి లాగి, “బాగనే ఉన్నది. మెలకువొస్తున్నది. అప్పుడే ఏదో అడుగుతున్నది,” అంది.

“ఏమడుగుతున్నది సిస్టర్?”

“చాయ్.”

సత్తవ్వ ఆ తరువాత చాలా ఏళ్ళు బీడీలు చుట్టింది. ఇప్పుడు చూపు తగ్గి మానేసింది. రషీదాబీ పక్కనే అరుగు మీద కూర్చుని ఇద్దరూ పొద్దంతా తగువులాడుకుంటారు. తెలంగాణ వచ్చింది. ఆ ఊళ్ళో గరిటె మళ్ళీ ఎంత ఎత్తుకు లేచిందో, లేవలేదో సౌమ్యకు తెలియదు. పోయి చూసే ధైర్యం ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు.

నాగవ్వకు ఫోటో లేదు. సమాధి మీద పేరు లేదు. బతికినన్నాళ్ళూ ఆమెను నిండు పేరుతో పిలిచినవాళ్ళు వాడలో నలుగురో ఐదుగురో, వాళ్ళూ పోయారు. అందుకే ఇది చదివినవాళ్ళను అడిగేది ఒక్కటే. పెళ్ళిలోనో, చావుకో, రోడ్డు మీదనో మీరు బంతిలో కూర్చున్నప్పుడు, గరిటె వచ్చి మీ ఆకుకు ఆనినప్పుడు, తినేముందు ఒక్క మెతుకు పక్కకు తీసి నాగవ్వను యాది చేసుకోండి. నాగి అని కాదు. నాగవ్వ అని.